నాలుగులో బెంచీ లేదు

"ఈ డబ్బా వెనక్కి తీసుకోవయ్యా" అంది డ్రైవరమ్మ.

కౌంటర్ మీద పెట్టడం కాదు, దాదాపు విసిరింది. బస్సు డిపోలో అప్పగించి తిన్నగా ఇటే వచ్చినట్టుంది. యూనిఫారం కూడా మార్చుకోలేదు.

వీడియో గేముల షాపతను డబ్బా తెరిచి చూశాడు. స్కేట్‌బోర్డు ఆట, నాలుగో భాగం. మొన్ననే వచ్చింది. షాపు గోడలన్నిటి మీదా దాని పోస్టర్లే.

"డిస్కు పనిచేయట్లేదాండీ?"

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నా ఏడుపే అది."

మూలనున్న పెద్ద తెర ముందు ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు అదే ఆట ఆడుతున్నారు. ముగ్గురూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

"నాలుగు బాగోలేదా? భలేవారే ఆంటీ! మూడుకీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా!"

"ఉంది. నక్క ఇదే."

షాపతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "అసలేం నచ్చలేదో చెప్పండి."

"మూడులో ఫ్యాక్టరీ వెనక ఒక బెంచీ ఉంది. బోర్డు పక్కన పెట్టి బటన్ నొక్కితే దాని మీద కూర్చోవచ్చు. నాలుగులో ఊరంతా గాలించాను. బెంచీలున్నాయి. వాటి మీద జారనిస్తాడు, దూకనిస్తాడు. కూర్చోనివ్వడు."

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. "స్కేటింగ్ ఆటలో కూర్చోవడం ఏంటి ఆంటీ! ఈతకొలనులో దిగి మంచం వేయమన్నట్టుంది!"

"పొద్దస్తమానం స్టీరింగ్ ముందు కూర్చునే ఉద్యోగమే కదండీ మీది" అన్నాడు షాపతను. "ఇంకా తనివి తీరలేదా?"

ఆవిడ నవ్వలేదు.

దాంతో అతను కుర్రాడి చేతిలోంచి రిమోట్ లాక్కుని తెర ముందు నిలబడ్డాడు. "మీరే చూడండి. నీళ్ళలో నీడ పడుతోంది. మెట్ల మీంచి దూకితే మోకాలు ఎంత బాగా వంగుతోందో చూశారా? మూడులో బొమ్మ చీపురుకట్టలా దూకేది."

"మోకాలు వంగింది. చూశాను. వంగే మోకాలికి కూర్చోవడానికేం రోగం?"

అతనికి పంతం వచ్చింది. బొమ్మని ఒక బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి ఆపాడు. ఒక బటన్ నొక్కాడు, ఇంకోటి నొక్కాడు, ఉన్నవన్నీ కలిపి నొక్కాడు. బొమ్మ తల గోక్కుంది. తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి: కదలండి! అతను ఇంకా బటన్లు వెతుకుతూనే ఉన్నాడు. ఆట అతన్ని బయటికి నెట్టేసింది.

"అదీ సంగతి. ఆగితే తరిమేస్తాడు. పార్కు దగ్గర కాపలావాడు నయం, కర్ర చూపించి లేచేదాకా ఆగుతాడు" అంది డ్రైవరమ్మ. గొంతు పెరిగింది. "పోనీ తిరుగుతూనే ఉందామంటే, ఎవరి పక్కన ఉండాలో కూడా వాడే తేలుస్తాడు. రౌండు రౌండుకీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య పడేస్తాడు. నాకు కావలసినవాళ్ళతో నన్నుండనివ్వడానికి వాడికేం నొప్పి?"

ఒక కుర్రాడు పక్కవాడి డొక్కలో పొడిచాడు. "కావలసినవాళ్ళట్రోయ్!"

ఆవిడకి వినపడింది. "నీ పని నువ్వు చూసుకో" అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అంతిష్టమైతే మూడే ఆడుకోండి. ఎవరొద్దన్నారు?" అన్నాడు షాపతను.

"కంపెనీ వద్దంది! మూడుకి ఆన్‌లైన్ ఇవాళ సాయంత్రంతో కట్. ఉన్న ఇంట్లోంచి మెడపట్టి గెంటి, కొత్తింటికి పదండి అంటున్నాడు. ఆ కొత్తింట్లో కూర్చునే చోటే లేదు. అదేం ఇల్లయ్యా?"

షాపతను రిమోట్ కుర్రాడికి తిరిగిచ్చేశాడు. తర్వాత నిజం ఒప్పుకున్నాడు. "కూర్చున్నవాడు ఏమీ కొనడండీ. టోపీలు, బూట్లు, రంగుల బోర్డులు, అన్నీ పరిగెత్తేవాడే కొంటాడు."

"ఆ ముక్క పోస్టరు మీద రాయమను."

"సీలు విప్పిన డబ్బా నేను తీసుకోలేనండీ."

"నీ దగ్గరే పడి ఉండనీ. కూర్చోవడం వచ్చాక చెప్పు, పట్టుకెళ్తాను."

తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. వెనక నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి.

ఇంటికి చేరి, బూట్లయినా విప్పకుండా టీవీ ముందు కూలబడింది. మూడు పెట్టింది. హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

పార్కు బోసిగా ఉంది. జనమంతా నాలుగుకి తరలిపోయారు. ఆవిడ బొమ్మ వాలు మీంచి దిగుతూ ఒకసారి, మలుపు దగ్గర ఇంకోసారి బోర్లాపడింది. ఇన్నాళ్ళుగా ఆడుతున్నా ఒక్క గెంతూ సరిగ్గా రాదు. నేర్చుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

ఫ్యాక్టరీ వెనక బెంచీ మీద పసుపు టోపీ పెట్టుకున్న బొమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఆవిడ బోర్డు పక్కన పెట్టి, బటన్ నొక్కి, పక్కనే కూర్చుంది.

"దొరికిందా?" గొంతు తగ్గించి అడిగింది పసుపు టోపీ.

"లేదు. వాడి ఊళ్ళో బెంచీలన్నీ జారుడుబల్లలే."

"నేను ముందే చెప్పానా! మూడో భాగం కాలిగోటికి సరిపోదది."

"తిన్నావా?"

"ఆఁ. నువ్వు?"

"తింటాలే."

తెర పైన ఎర్రక్షరాలు నడుస్తున్నాయి: ఈ పార్కు కాసేపట్లో మూతపడుతుంది, నాలుగో భాగంలో కలుద్దాం! ఇద్దరూ చదివారు. ఇద్దరూ కదల్లేదు.

"రేపు ఎక్కడ?" అంది పసుపు టోపీ.

ఆవిడ బటన్ మీంచి వేలు తియ్యలేదు.

"నాన్న మెట్లెక్కి వస్తున్నాడమ్మా" గుసగుసలాడింది పసుపు టోపీ, "నిన్ను నెలకోసారే చూడాలని జడ్జిగారన్నారు కదా, ఇక నిజంగానే నెలకోసారేనా?"