అండాలుకు పూచీ

"నిన్ను నమ్మి నంబరియ్యలేమమ్మా," అన్నాడు పన్నుల అధికారి రఘుపతి. "లక్ష రూపాయలకు పూచీ చూపియ్యాలె."

నల్లగొండ ఆఫీసులో వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అండాలు కొంగు భుజం చుట్టూ లాక్కుంది. పక్కనే నిలబడ్డ కమలాకర్ తల దించుకున్నాడు.

మగ్గం ఆగిపోయాక అండాలు మోత్కూర్‌లో సకినాలు, గరిజెలు లాంటి పిండివంటలు చేసి అమ్ముతోంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణం నెలనెలా సరుకు తీసుకుంటానంది, బిల్లు ఇస్తేనే. బిల్లు ఇవ్వాలంటే పన్నుల ఆఫీసు ఇచ్చే టిన్ నంబరు కావాలి. దరఖాస్తు పెడితే నోటీసు వచ్చింది. చదివి చెప్పమని పక్కింటి కమలాకర్‌కు ఇచ్చింది. అతను రెండుసార్లు చదివి, "నేను గూడ వస్త" అన్నాడు. అంతే.

"నేనేం తప్పు జేసిన సారూ?"

"నాలుగేండ్ల కింద నీ పేరు మీద సిమెంటు దుకాణం నడిచింది. పన్ను ఎగ్గొట్టి మూసేసిన్రు. ఆ విచారణ వేరే. గిది గూడ గట్లనే మూస్తవేమోనని పూచీ అడుగుతున్నం."

"సిమెంటా? పిండి తప్ప నా చేతికేదీ అంటలే సారూ!"

ఎవరో నవ్వారు. కమలాకర్ చెవులు వేడెక్కాయి. చేతిలోని కవరు బల్ల మీద పెట్టాడు.

"నా ప్లాటు కాయితాలు సార్. ఆమెకు నేను పూచీ."

రఘుపతి కళ్లజోడు పైకి జరిపాడు. "నువ్వు ఆమెకేమైతవు?"

"ఏం గాను. పక్కింటోన్ని."

"గీ రోజుల్ల తోడబుట్టినోడు గూడ సంతకం పెట్టడు. పెద్దమనిషివయ్యా!"

చెంప ఛెళ్లుమన్నట్టయింది కమలాకర్‌కు. అండాలు వైపు చూడకుండానే మూడుచోట్ల సంతకం చేశాడు.

"ఆయన కాళ్లకు మొక్కు బిడ్డా," అన్నాడు వరసలోని ముసలాయన. అండాలు కదల్లేదు. కమలాకరే గబుక్కున పక్కకు జరిగాడు.

"ఆధార్ జిరాక్సు ఇంకోటి కావాలె," అన్నాడు రఘుపతి.

"ఇటియ్యి చెల్లె, నేను తీపిచ్చుకొస్త." కమలాకర్ చేయి చాపాడు.

అండాలు కార్డును గుప్పిట్లో బిగించి, అతనికి మాత్రమే వినపడేలా అంది: "వద్దన్నా, పింఛను రాయిస్తనని నాలుగేండ్ల కింద నువ్వు తీస్కపోయిన గీ కార్డుతోనే గదా ఆ సిమెంటు దుకాణం తెరిచినవ్."