మాస్టారి సీసా

ల్యాబ్‌లో కొత్త మందు ఏది తయారుచేసినా ముందు తానే మింగి చూడటం మాస్టారి మొండి అలవాటు. "మందు మంచిదేనమ్మా. లోపల కాలేయం దాన్ని ఏం చేసి వదులుతుందో, నా భయమంతా దాని గురించే" అనేవారు. చివరికి తన కాలేయంలో అలా పుట్టిన విషమే ఆయన్ని పొట్టనపెట్టుకుంది.

ఏటా ఆయన పోయిన రోజు రాత్రి, అందరూ వెళ్లాక, ల్యాబ్ ఫ్రీజర్లో దాచిన ఆయన రక్తం ఒక్క చుక్క, విషం ఎంతుందో కొలిచే యంత్రంలో పెడుతుంది శిష్యురాలు. తెరమీద ఆ విషం గీత లేస్తే, ఆయన పలకరించినట్టే ఉంటుంది.

ఈసారి గీత నిరుటికన్నా ఎత్తుగా లేచింది. మంచులో ఉన్న రక్తంలో విషం పెరగదు. పెరగాలంటే ఆ కాలేయం ఎక్కడో ఇంకా పనిచేస్తుండాలి.

"ఇంకా అరగలేదా మాస్టారూ?" అని నవ్వబోయి, మరో చుక్క కోసం ఫ్రీజర్ తెరిచింది. మంచు పేరుకున్న సీసాల మధ్య ఆయనదొక్కటే గోరువెచ్చగా ఉంది.