పోస్టు ఓట్లు పంతొమ్మిది

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవులో ఒక సీబీ రేడియో క్లబ్బుంది, కార్లలో పెట్టుకుని బటన్ నొక్కి ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలవి. ఏటా సభ్యులంతా పబ్బు ముందు తమ కార్లలోనే కూర్చుని రేడియోల్లో వాదించుకుంటారు. ఏడింటికి లోపలికెళ్లి ఓట్లేస్తారు; కావాలంటే ముందే పోస్టులోనూ పంపొచ్చు. ఈసారి ఓటు బెరిల్ మీద. ఆరేళ్లుగా క్లబ్బు పత్రిక నడుపుతున్న ఆమెను తీసేయాలా, ఉంచాలా అని.

అధ్యక్షుడు నార్మన్ వానలో పరుగెత్తుకొచ్చి ఆమె కారు పక్క సీటులో కూలబడ్డాడు. అప్పటిదాకా గోలగోలగా ఉన్న రేడియో ఒక్కసారిగా మూగబోయింది.

"చూశావా? ఇక ఏడింటిదాకా ఎవరూ నోరెత్తొద్దని ఇందాకే అన్నాను, ఎత్తట్లేదు. మర్యాదగా నువ్వే తప్పుకో బెరిల్. పోస్టులో వచ్చిన పంతొమ్మిది ఓట్లూ నావే."

"పంతొమ్మిది మందీ నన్ను వద్దన్నారా?"

"వాళ్లనేదేంటి! కవర్లు విప్పింది నేను, కొత్త కాగితాలు నింపింది నేను. వాళ్ల మొహాలకి ఓటు కూడానా?"

"ఎవరి మొహాలకి?"

ఒక్కొక్కరి గురించీ చెప్పాడు. పాలబండి అతనికి తన పేరు రాయడమే రాదన్నాడు. చేపల కొట్టావిడ వాగుడు పడలేక మొగుడు చెవుడు నటిస్తున్నాడన్నాడు.

వాన తగ్గలేదు. అయినా ఎదురుగా కార్ల తలుపులు ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. అందరూ ఇటే వస్తున్నారు.

"ఇంకా ఏడు కాలేదుగా, అప్పుడే దిగుతున్నారేంటి?"

"కొంచెం లేవండి నార్మన్," అంది బెరిల్. "మైకు బటన్ మీద కూర్చున్నారు. మన మాటలు వాళ్లకు పోతున్నాయి, వాళ్ల మాటలు మనకు రావట్లేదు."