మూడుసార్లు తప్పితే

"మళ్లీ ఆపేశారు! వారంలో ఇది నాలుగోసారి!" ల్యాప్‌టాప్ ముందు నెత్తి బాదుకున్నాను.

నాన్న గడియారాల షాపుకి వెబ్‌సైట్ చేసింది నేనే. దొంగలు చొరబడకుండా సెక్యూరిటీ ప్లగిన్ పెట్టిందీ నేనే. రోజూ పొద్దున ఆన్ చేస్తాను, మధ్యాహ్నానికల్లా ఆఫ్ అయి ఉంటుంది. హోస్టింగ్ వాళ్లతో పోట్లాడాను. ప్లగిన్ తీసేసి మళ్లీ వేశాను. చివరికి ఎవరు ఆపుతున్నారా అని ఇవాళ లాగ్ తెరిస్తే, మా ఆవిడ పేరుంది!

"నీకిదేం పోయేకాలం? నా ప్రాణం తీయడానికా?"

తను షాపు లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పితే మామయ్యగారిని లోపలికి రానివ్వట్లేదు మీ ప్లగిన్. ఆర్డర్లు చూసుకోలేకపోతున్నారు."

"ఆయన పెట్టుకున్న పాస్‌వర్డే కదా! మూడుసార్లు ఎలా తప్పుతుంది?"

"పాస్‌వర్డ్ గుర్తుంది. వేలే అక్షరం మీద నిలవట్లేదు. మీకు చెప్పొద్దన్నారు."

లోపల నాన్న బాగుచేస్తున్న గడియారం మర ఒకటి టిక్కుమని నేలమీద పడింది. కాసేపటికి ఇంకొకటి. నెలరోజులుగా ఆ చప్పుడు విని, "ఆ వాలు బల్ల మార్చు నాన్నా" అని విసుక్కున్నవాణ్ణి నేనే.

లోపలికెళ్లి, వంగి, రెండు మరలూ వెతికిచ్చాను. "నాన్నా, ఆ ప్లగిన్ నేనే తప్పుగా పెట్టాను. సరిచేస్తాను."

నాన్న చేతులు బల్ల కిందికి తీసుకున్నాడు. "అనుకున్నా. నీ పనిలో ఎప్పుడూ ఒక మర వదులే."

చిన్నప్పటినుంచీ ఆ మాటకి గయ్యిమనేవాణ్ణి.

"అవును నాన్నా, వదులే" అన్నాను.