జూమ్ లేని లెన్స్

“తిప్పమ్మను ఈడికి పిలవాకప్పా! మొగుడు లేని మనిషి. ఆడ నిలబడినట్లే జూమ్ చేసి తీయి,” పెండ్లికూతురి పెదనాయన ఎర్రప్ప గద్దించాడు.

ఫోటోగ్రాఫర్ ఓబులేష్ చేతిలో ఉన్నది కెమెరాతోపాటు వచ్చిన జూమ్ లెన్సే. పందిరి చివర గుంజ పట్టుకుని నిలబడిన తిప్పమ్మను అది ఇట్టే దగ్గరికి లాగేస్తుంది. కానీ దోసిట్లో తలంబ్రాలతో పెండ్లికూతురు సరళ అతన్నే చూస్తోంది. “అన్నా, మా యమ్మ నా పక్కనుండే ఫోటో ఒకటి కావాల” అని పొద్దున్నే అడిగింది.

ఓబులేష్ జూమ్ ఊడదీసి, సంచిలోంచి జూమ్ లేని ప్రైమ్ లెన్స్ తీసి బిగించాడు.

“జూమ్ మొరాయించిందన్నా. దీంట్లో దూరముండేటోళ్లు చీమంత పడతారు. దగ్గరికి రావాల్సిందే.”

“ఇంతసేపు బాగుండె కదప్పా?”

“ఇప్పుడే చెడిపాయ.”

ఎర్రప్ప కళ్లెర్రజేశాడు.

“ఫోటోకే కదా వదినా, రా!” పెండ్లికొడుకు తల్లి గట్టిగా పిలిచింది.

ఎర్రప్ప మొహం తిప్పుకున్నాడు. తిప్పమ్మ కొంగు నిండా కప్పుకుని, భయంభయంగా వచ్చి కూతురి పక్కన నిలబడింది.

అందరూ ఫ్రేములో పట్టాలంటే ఇక తనే వెనక్కి పోవాలి. పోయి పోయి ఓబులేష్ వీపు ఇందాక తిప్పమ్మ పట్టుకున్న పందిరి చివరి గుంజకు తగిలింది.

ఎన్ని పెండ్లిళ్లు తీశాడో! అక్కడి నుంచి పెండ్లి ఇంత చిన్నగా కనబడుతుందని అప్పుడే తెలిసింది.