నాలుగున్నర వెలుతురు

"తిప్పాల్సింది నడుం, బాబాయ్ గారూ. మెడ కాదు," అన్నాడు ఫోటో క్లబ్ సెక్రటరీ, బహుశా తొంభయ్యోసారి.

రిటైరైన టైంకీపర్ నడుం తిప్పాడు. అది చేసిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. సెక్రటరీ మర్యాదగా వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు.

దూసుకెళ్ళే కారును ఫోటో తీయడం చెప్పడానికి సులువే. పాదాలు ఎడంగా పెట్టి నిలబడాలి. దూరంగా ఉండగానే కారును కెమెరాలో పట్టుకుని దాంతో పాటే తిరగాలి. ఎదురుగా వచ్చినప్పుడు మెత్తగా నొక్కాలి. నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. అప్పుడు కారు స్పష్టంగా నిలుస్తుంది, వెనకున్న లోకం గీతలు గీతలుగా పారిపోతుంది. ఆయన ఫోటోల్లో ఏడు నెలలుగా రెండూ కలిసి పారిపోతున్నాయి. లేదా రెండూ కలిసి నిలబడుతున్నాయి.

నిజానికి ఆయన పక్షుల్ని తీద్దామనుకున్నాడు. భార్యే వద్దంది.

"పక్షుల్ని అందరూ తీస్తారండీ. మన మలుపులో కార్లు తీయండి. నాలుగున్నరకి వెలుతురు బాగుంటుంది."

మలుపు వాళ్ళ గేటు ముందే. ముందుగదిలో ఆవిడ ఇరవైమంది చంటిపిల్లల్ని చూసుకుంటుంది. సాయంత్రం తల్లులొచ్చి రోడ్డు దాటించి తీసుకెళ్ళేదాకా ఇల్లు ఇల్లులా ఉండదు. మలుపులో స్పీడ్ బ్రేకర్ వేయమని ఆవిడ మూడేళ్ళలో నాలుగు అర్జీలు పెట్టింది. మున్సిపల్ ఆఫీసువాళ్ళు శ్రద్ధగా నాలుగు రసీదులు ఇచ్చారు. కార్ల జోరుకు ఏ అడ్డూ పడలేదు గనుక, ఆ శ్రద్ధకు లోలోపల దణ్ణం పెట్టుకున్న పౌరుడు ఈయన ఒక్కడే.

"ఎవడైనా గుద్దితే కెమెరా పాడవుతుంది," అంటూ భార్య మెరిసే పట్టీలున్న పసుపుపచ్చ కోటు, తెల్ల టోపీ కొనిచ్చింది. ప్రేమ అంటే అదే మరి.

చిక్కల్లా కార్లతో వచ్చింది. మలుపు తిరిగి ఆ కోటును, టోపీని, కెమెరాను చూడగానే ప్రతి కారూ పెద్దమనిషిలా నెమ్మదించేది. ఒకడైతే ఏకంగా ఆపేశాడు.

"సార్, నేను నలభై లోపే ఉన్నాను సార్."

"నేను పోలీసును కాదు నాయనా. కాస్త వెనక్కెళ్ళి జోరుగా రా."

"అలా రమ్మనే కదా సార్ చలాన్ రాసేది," అని వాడు నత్తలా వెళ్ళిపోయాడు.

నెలకు ఒకడో ఇద్దరో లెక్కచేయకుండా దూసుకెళ్ళేవారు. ఆ ఫోటోలూ కుదరలేదు.

క్లబ్ ప్రదర్శనకు ఫోటో ఇవ్వడానికి రేపే ఆఖరి గడువు. ముప్పయ్యేళ్ళు డిపోలో బస్సుల రాకపోకలు రాసి కింద సంతకం పెట్టాడు. ఒక్కరూ చదవలేదు. ఈ ఒక్క ఫోటో అయినా తన పేరుతో గోడెక్కాలి. దేవుణ్ణి ఏనాడూ ఏదీ అడగనివాడు, ఆ సాయంత్రం అడిగాడు. "స్వామీ, ఒక్కడికైనా తొందర పుట్టించు."

దేవుడికి ఇలాంటి కోరికలు కొత్త కాబోలు, వెంటనే తీర్చాడు. పిల్లలంతా వెళ్ళిపోయి రోడ్డు ఖాళీ అయ్యాక ఎర్ర కారొకటి రివ్వున వచ్చింది. ఆయన తిరిగాడు. నొక్కాడు. నొక్కాక కూడా తిరుగుతూనే ఉండి, చివరికి సొంత గేటుకేసి తిరిగి తేలాడు.

కెమెరా తెర మీద బొమ్మ ఆయన కళ్ళకు ఆనదు. కంప్యూటర్ భార్యది.

"ఈసారి పడింది. ఎర్రది," అన్నాడు.

"రోజూ ఏదో ఒకటి పడుతూనే ఉందిగా. ముందు స్నానం చేసి రండి, ఒళ్ళంతా దుమ్ము. ఈలోపు కార్డు కంప్యూటర్లో పెడతాను."

తువ్వాలుతోనే వచ్చి కళ్ళజోడు పెట్టుకున్నాడు. తెర మీద ఒక గోడ. సగం బంపరు. నాలుగైదు పెద్దమనుషుల్లాంటి కార్లు.

"ఎర్రది ఏదీ?"

"ఇదిగో, ఈ మరక కాబోలు."

ఆయన చాలాసేపు చూశాడు. "నొక్కాక కూడా తిరిగానే," అన్నాడు మెల్లగా.

"తిరిగారు లెండి. కారుకే తెలియలేదు."

"గడువు రేపే."

"ప్రదర్శన వచ్చే ఏడాది కూడా పెడతారు. రేపు మళ్ళీ నాలుగున్నరకే నిలబడండి," అంటూ ఆవిడ ఆయన నడుముకు మందు రాసింది. ఇంత ఎగతాళి చేసే మనిషి చెయ్యి అంత మెత్తగా ఉండడం ఆయనకు కాస్త ఊరట.

ఆయన లోపలికి వెళ్ళి పడుకున్నాక ఆవిడ, లోకమంతా గీతలై పారిపోతుంటే అద్దంలా నిలిచిన ఆ ఎర్ర కారును, ఏడు నెలల్లో ఇలాగే కంప్యూటర్లో దాచేసిన మరో పదకొండు కార్ల ఫోటోల పక్కన చేర్చి, పసుపుపచ్చ కోటు ఉతికి, రేపు పిల్లలు రోడ్డు దాటే వేళకల్లా ఆరిపోయేలా దండెం మీద వేసింది.