కొమ్ములు మొలిచేదాకా

జింకలుండే అడవిలో చదువుకునే తొర్ర ఒకటుంది. లోపల అరల నిండా ఆకుల మీద రాసిన కథలు. వాటిని చూసుకునేది ముసలి ఏదుపంది.

ఒకనాడు దుప్పిపెద్దలు తాతల నాటి చట్టాన్ని మళ్ళీ బయటికి తీశారు. కొమ్ములు మొలవని పిల్లలు తొర్రలో అడుగు పెట్టకూడదు, పెట్టనిస్తే తొర్ర మూయించేస్తారు.

అప్పటికి ఓ లేడిపిల్ల కథ మధ్యలో ఉంది. ఏట్లో దిగిన జింక ఒడ్డు చేరిందో లేదో తెలీక దానికి మేత సహించేది కాదు. రోజూ గడప దగ్గరికొచ్చి నుదురు చూపించేది.

"అవ్వా, మొలిచాయా?"

"ఇంకా లేదే తల్లీ."

ఇంతలో దాని తమ్ముడికి మొలిచాయి. వాడు దర్జాగా లోపలికెళ్ళి, కథల అరకేసి కొమ్ములు గోక్కుని వచ్చేశాడు.

"వాడికొచ్చాయిగా, నాకెప్పుడవ్వా?"

ఏదుపందికి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"మీ అమ్మకున్నాయటే?"

"లేవు."

"మీ అమ్మమ్మకి?"

"అమ్మమ్మకీ లేవు."

"ఆ కొమ్ములరాయుళ్ళకి ఈ సంగతి తెలీదనుకున్నావా!" అంటూ అవ్వ ఆ కథ ఆకులు తెచ్చుకుని గడపకి లోపలే చతికిలబడింది. "నువ్వు బయటే ఉండు. నాకు గట్టిగా చదువుకునే అలవాటుంది. వినడానికి కొమ్ములెందుకు?"

కథలో జింక సగం ఏరు ఈదిందో లేదో, వెనక పొద కదిలింది. అమ్మ, అమ్మమ్మ, ఇంకా ఎన్నో బోడి నుదుళ్ళు.

"ఏదుపందమ్మా," అంది అమ్మమ్మ మెల్లగా, "మొదట్నుంచీ చదవవూ? చిన్నప్పుడు నన్ను మొదటి ఆకు దగ్గరే ఆపేశారు."

ఒడ్డు సంగతి ఆ పూటకింక తేలదు. లేడిపిల్ల జరిగి, అమ్మమ్మకి చోటిచ్చింది.